లండన్ వి అండ్ ఎ మ్యూజియంలో మధ్యాహ్న భోజనం ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో, పిల్లలకు సెలవులు ఇచ్చినప్పుడో సౌత్ కెన్సింగ్టన్ వైపు ఒక రోజు వెళ్లడం లండన్‌లో ఉండే మన వాళ్లందరికీ అలవాటే. పక్కపక్కనే మూడు పెద్ద మ్యూజియాలు, మూడింటికీ టికెట్ లేదు. చిక్కంతా మధ్యాహ్నం భోజనం దగ్గరే వస్తుంది. చాలామంది స్టేషన్ దగ్గర ఏదో శాండ్‌విచ్ కొని, ఫుట్‌పాత్ మీద నిలబడి తినేస్తారు. ఈసారి అలా చేయకండి. ఆ రోజు భోజనం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, అంటే అందరూ వి అండ్ ఎ అని పిలిచే మ్యూజియం లోపల చేయండి. ప్రపంచంలో రెస్టారెంట్ పెట్టిన మొదటి మ్యూజియం ఇదేనని చెబుతారు. అప్పట్లో కట్టిన భోజనశాలలు మూడూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటిలోనే కూర్చుని తినొచ్చు. మ్యూజియంలో చూడాల్సిన గొప్ప గదుల లిస్టు రాయమంటే నేను ఈ మూడింటినీ మొదటి వరసలోనే రాస్తాను. కాబట్టి అక్కడ భోజనాన్ని రెండు గ్యాలరీల మధ్య విరామంగా లెక్కేయకుండా, దానికే ఒక గంటంబావు కేటాయించుకోండి.

1. రోజు, టైము చూసుకోండి

మ్యూజియం రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5:45 వరకు తెరిచి ఉంటుంది. శుక్రవారం రాత్రి 10 దాకా ఉంటుంది గానీ, సాయంత్రమయ్యాక గ్యాలరీలు కొన్నే తెరిచి ఉంచుతారు. డిసెంబర్ 24, 25, 26 తేదీల్లో మూసేస్తారు.

కెఫేలో పన్నెండున్నర నుంచి రెండు దాకా విపరీతమైన రద్దీ. శనివారం, ఆదివారం, స్కూళ్లకు హాఫ్‌టర్మ్ సెలవులిచ్చిన వారం అయితే ట్రే చేతిలో పట్టుకుని కుర్చీ కోసం తిరగాల్సి వస్తుంది. పెద్దవాళ్లతో అది కష్టం. మామూలు పని రోజున పదకొండున్నరకు గానీ, రెండున్నర దాటాక గానీ వెళితే హాయిగా ఉంటుంది. నాకైతే పదకొండున్నరే ఇష్టం. వేడి వంటకాలు అప్పుడే వరసగా బయటికొస్తుంటాయి, గదులు ఇంకా నిండవు. సాయంత్రం మ్యూజియం మూసే వేళకు వెళితే కేకులు, టీ తప్ప పెద్దగా ఏమీ మిగలవు.

మామూలు భోజనానికి బుకింగ్ అక్కర్లేదు. ఏదైనా స్పెషల్ ఎగ్జిబిషన్ కూడా చూడాలనుకుంటే దాని టికెట్ విడిగా కొనాలి. భోజనం అయ్యాక గంటన్నరకు స్లాట్ పెట్టుకోండి. ఎగ్జిబిషన్ టైము అయిపోతోందన్న టెన్షన్‌తో తింటే ఆ గదుల్లో కూర్చున్న ఫలితం ఉండదు.

2. చేరుకోవడం, లోపల దారి

పిక్కడిల్లీ, డిస్ట్రిక్ట్, సర్కిల్ లైన్లు మూడూ సౌత్ కెన్సింగ్టన్‌లో ఆగుతాయి. స్టేషన్ నుంచి మ్యూజియాల వైపు నడిచేవాళ్ల కోసం విక్టోరియా కాలం నాటి సొరంగం ఉంది, వాన పడుతుంటే దాంట్లోంచి వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు స్టేషన్ మెట్లు ఇబ్బంది అవుతాయి. వాళ్లతో వెళ్లేటప్పుడు క్రామ్వెల్ రోడ్ మీదుగా వెళ్లే 74 నంబరు బస్సు నయం. మ్యూజియంలో వీల్‌చెయిర్లు ఉచితంగా ఇస్తారు, సిగ్గుపడకుండా అడగండి. లోపల దూరాలు బయటినుంచి చూసి ఊహించుకున్నంత చిన్నవి కావు.

క్రామ్వెల్ రోడ్ మీదున్న పెద్ద ద్వారంలోంచి లోపలికి వెళ్లి, తిన్నగా నడిచి, షాపు దాటితే మధ్యలో ఉన్న తోటలోకి వస్తారు. జాన్ మాదెయ్‌స్కీ గార్డెన్ అంటారు దాన్ని. మధ్యలో గుడ్డు ఆకారంలో లోతులేని నీటి కొలను, ఎండాకాలంలో దాని నిండా పిల్లలే. మీ వెంట చిన్నపిల్లలుంటే ఒక జత బట్టలు, చిన్న తువ్వాలు సంచిలో వేసుకోండి, తప్పకుండా పనికొస్తాయి. తోటకు అవతలి వైపు ఎర్రమట్టి శిల్పాలతో ఉన్న గోడ కనిపిస్తుంది కదా, భోజనశాలలు దాని వెనకే. ఒకప్పుడు మ్యూజియం ముఖద్వారం అదే. అంటే అప్పట్లో వచ్చినవాళ్ల కంట ముందుగా పడేవి ఈ భోజనశాలలే.

తోట దాటేటప్పుడు గోడకు బిగించిన రెండు చిన్న ఫలకాలు పిల్లలకు చూపించండి. అవి రెండు కుక్కల జ్ఞాపకార్థం పెట్టినవి. 1879లో చనిపోయిన జిమ్, 1885లో చనిపోయిన టైకో. జిమ్ ఈ మ్యూజియం మొదటి డైరెక్టర్ హెన్రీ కోల్ పెంపుడు కుక్క. మ్యూజియం కడుతున్న రోజుల్లో యజమాని వెంటే ఉండేదట.

3. ట్రే పట్టుకోకముందే మూడు గదులూ తిరిగి రండి

అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్ ఇదే, జనం వదిలేసేదీ ఇదే. లోపలికి రాగానే ఫుడ్ కౌంటర్ కనిపిస్తుంది, వాసన తగులుతుంది, కాళ్లు అటే లాగుతాయి. ఒక్క పది నిమిషాలు ఆగండి. ఖాళీ చేతులతో మూడు గదులూ చూసి, ఎక్కడ కూర్చోవాలో తేల్చుకున్నాకే తిండి తీసుకోండి. ఒకసారి చేతిలోకి వేడి ట్రే వచ్చాక ఎవరూ గోడల వంక చూడరు.

కాస్త నేపథ్యం తెలిస్తే చూసేది ఇంకా బాగా అర్థమవుతుంది. 1857లో ఈ చోట మ్యూజియం తెరిచినప్పుడు దాని పేరు సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం. పగలంతా పనిచేసుకునేవాళ్లు కూడా రావాలన్నది హెన్రీ కోల్ పట్టుదల. అందుకని గ్యాలరీల్లో గ్యాస్ దీపాలు పెట్టించి సాయంత్రాలు కూడా తెరిచి ఉంచాడు. అలా వచ్చినవాళ్లకు ఆకలేస్తుంది కాబట్టి తిండి కూడా అక్కడే దొరికేలా చూశాడు. ఇప్పుడు మీరు చూస్తున్న గదులు 1860ల మధ్యలో మొదలై ఆ దశాబ్దం చివరికి వాడుకలోకి వచ్చాయి. మెనూ మాత్రం తరగతుల వారీగా ఉండేది: మొదటి తరగతి, రెండో తరగతి, అక్కడ పనిచేసే కూలీల కోసం మూడోది. అందరికీ తలుపులు తెరిచిన మనిషి కూడా భోజనం దగ్గరికొచ్చేసరికి తరగతులు పెట్టక తప్పలేదు, ఆ కాలం అలాంటిది. ఇప్పుడు ఏ గదిలో కూర్చున్నా తిండి ఒకటే.

మధ్యలో ఉన్న పెద్దది గ్యాంబుల్ రూమ్. జేమ్స్ గ్యాంబుల్ డిజైన్ చేశాడు. స్తంభాల డిజైన్ గాడ్‌ఫ్రీ సైక్స్‌ది, ఆయన గది పూర్తి కాకుండానే 1866లో చనిపోయాడు. గోడలు, స్తంభాలు అన్నీ మెరుగుపెట్టిన పింగాణీ. తెలుపు, తేనె రంగు, ఆకుపచ్చ. తలెత్తి చూస్తే పైకప్పు ఎనామెల్ పూసిన ఇనుప రేకులు. ఇదంతా ఆడంబరం కోసం చేసిందని అనుకోకండి, వెనక పక్కా లెక్క ఉంది. భోజనశాల అంటే పొగ, నూనె జిడ్డు, నిప్పు భయం. పింగాణీని తడిగుడ్డతో తుడిచేయొచ్చు, అంటుకోదు. దగ్గర్లో ఉన్న స్తంభం దగ్గరికి వెళ్లి అర అడుగు దూరం నుంచి చూడండి. ఉబ్బెత్తు బొమ్మల అంచుల దగ్గర రంగు పలచబడి, గుంటల్లో చిక్కగా నిలిచి ఉంటుంది. బట్టీలో పూత కరిగి కిందికి జారిన తీరు అది. దూరం నుంచి ఫోటో తీసుకుంటే ఇది కనపడదు.

ఈ గదిలో గోడ పైభాగాన చుట్టూ పెద్ద అక్షరాలతో ఒక వాక్యం నడుస్తుంది. బైబిల్లోని ప్రసంగి గ్రంథం నుంచి తీసుకున్నది. మనిషి తిని, తాగి, తన కష్టానికి ఫలితాన్ని సంతోషంగా అనుభవించడం కంటే మేలైనది లేదని దాని భావం. భోజనశాల గోడ మీదికి ఇంతకన్నా తగిన మాట దొరకదు. ఒక్కో అక్షరంలో చిన్న చిన్న మనుషుల బొమ్మలు ఇమిడి ఉంటాయి. వాక్యం అయిపోయాక చివర ఎక్స్, వై, జెడ్ అని మూడు అక్షరాలు ఉన్నాయి. పిల్లలను వెతికి పట్టుకోమనండి, అన్నం చల్లారే దాకా వాళ్లకదే పని.

ఒక పక్కన పాయింటర్ రూమ్. దీన్ని ఎడ్వర్డ్ పాయింటర్ డిజైన్ చేశాడు. నీలం, తెలుపు టైల్స్‌తో నిండిన గది, వాటి మీద రుతువులు, పన్నెండు నెలలు స్త్రీ రూపాల్లో ఉంటాయి. ఈ టైల్స్ చాలావరకు రంగులు వేసింది అక్కడి డిజైన్ స్కూల్లో చదువుకునే అమ్మాయిలు. ఆ రోజుల్లో ఇంత పెద్ద భవనంలో, అందరికీ కనిపించే చోట, ఆడవాళ్లకు పని ఇవ్వడం మామూలు విషయం కాదు. మొదట్లో ఇది గ్రిల్ రూమ్. ఇనుము, ఇత్తడితో చేసిన పాత పొయ్యి ఇంకా అక్కడే ఉంది, దాని డిజైన్ కూడా పాయింటర్‌దే. వంటవాళ్లు అందరి కళ్లముందే దాని మీద మాంసం ముక్కలు కాల్చి వడ్డించేవారు. వంట చేసే చెయ్యి ఉన్నవాళ్లు ఆ పొయ్యి దగ్గర కచ్చితంగా ఆగుతారు.

రెండో పక్కన మోరిస్ రూమ్, పాత పేరు గ్రీన్ డైనింగ్ రూమ్. తర్వాత డిజైనర్‌గా పేరు తెచ్చుకున్న విలియం మోరిస్ 31 ఏళ్ల వయసులో, ఇంకా పెద్దగా పేరు రాని రోజుల్లో, అతని కంపెనీకి దొరికిన పని ఇది. మిత్రులు ఫిలిప్ వెబ్, ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ కలిసి చేశారు. ఆకుపచ్చ గోడల మీద గచ్చుతో తీర్చిన కొమ్మలు, ఆకులు. కింద బంగారు రంగు నేపథ్యంతో బొమ్మల పలకలు. పైన గోడ చుట్టూ కుందేళ్లను తరిమే వేటకుక్కలు. వెలుతురు తక్కువగా, చల్లగా ఉంటుంది.

మోరిస్ గురించి మన వాళ్లకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఈ గది చేసిన కొన్నేళ్లకు, 1870ల్లో, అతను రసాయన రంగుల మీద విసుగు పుట్టి, థామస్ వార్డ్‌ల్ అనే అద్దకందారుతో కలిసి నీలిమందు, మంజిష్ఠ వంటి చెట్ల రంగులతో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. మచిలీపట్నం, పెడన వైపు అద్దకాలు చూసి పెరిగినవాళ్లకు ఈ తంటా కొత్త కాదు. 17, 18 శతాబ్దాల్లో మన కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో ఐరోపాకు వెళ్లిన అద్దకం బట్టలు ఎన్నో ఈ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. బట్టలు వెలుతురుకు వెలిసిపోతాయి కాబట్టి ఒక్కసారే అన్నీ బయట పెట్టరు. మీకు వాటి మీద నిజంగా ఆసక్తి ఉంటే, 2025లో తూర్పు లండన్‌లో తెరిచిన వి అండ్ ఎ ఈస్ట్ స్టోర్‌హౌస్‌లో ముందుగా బుక్ చేసుకుని, కావలసిన వస్తువును తెప్పించుకుని చూసే సదుపాయం ఉంది. దానికి ఇంకో రోజు పెట్టుకోండి.

ఎక్కడ కూర్చోవాలి? మొదటిసారి వచ్చినవాళ్లు గ్యాంబుల్ రూమ్‌లోనే కూర్చోవాలని నా అభిప్రాయం. కాస్త గోల ఉన్నా సరే. చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లుంటే మాత్రం అక్కడ వద్దు, పింగాణీ గోడల వల్ల మాటలు ప్రతిధ్వనిస్తాయి. వాళ్లను పాయింటర్ రూమ్‌కు తీసుకెళ్లండి. మోరిస్ రూమ్‌ను టీ కోసం అట్టేపెట్టుకోండి. కొన్నిసార్లు ఈ పక్క గదుల్ని ఏదైనా కార్యక్రమానికి ఇచ్చేస్తారు, తలుపు దగ్గర ఉన్నవాళ్లను అడిగితే చెబుతారు.

4. కౌంటర్ దగ్గర

పద్ధతి సెల్ఫ్ సర్వీస్. ఒకరు టేబుల్ దగ్గర కూర్చోండి, మిగతావాళ్లు లైన్లోకి వెళ్లండి. వేడి వంటకాలు ఒకచోట, సలాడ్లు ఒకచోట, కేకులు, స్కోన్లు (చిన్న బన్నుల్లాంటివి), టీ కాఫీలు ఇంకోచోట. కావలసినవి ట్రేలో పెట్టుకుని చివర బిల్లు కట్టడమే. కార్డు ట్యాప్ చేస్తే చాలు. రాసిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది, పైన ఇంకేమీ వేయరు. టిప్ తప్పనిసరి కాదు. లండన్ నడిబొడ్డు ధరలే కాబట్టి నలుగురున్న కుటుంబం తలా ఒక పెద్ద ప్లేటు తీసుకోనక్కర్లేదు. రెండు వేడి వంటకాలు, రెండు సలాడ్లు తీసుకుని పంచుకోండి. నీళ్ల సీసా కొనకండి, ట్యాప్ వాటర్ అడిగితే డబ్బులు తీసుకోరు.

తిండి విషయంలో మన ఇళ్లలో ఉండే పట్టింపులకు ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. వెజిటేరియన్ అని రాసి ఉంటే మాంసం, చేప లేవని మాత్రమే అర్థం, గుడ్డు ఉండొచ్చు. కేకుల్లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. గుడ్డు ముట్టని అమ్మకో, అత్తయ్యకో తీసుకునేటప్పుడు వీగన్ అని రాసి ఉన్నది చూడండి. దాంట్లో గుడ్డూ ఉండదు, పాలూ ఉండవు. గుడ్డు, పాలు, నువ్వులు, వేరుశనగ వంటి 14 పదార్థాల్లో ఏవి ఉన్నాయో అడిగితే చెప్పాలని బ్రిటన్‌లో చట్టం ఉంది, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఉల్లి, వెల్లుల్లి ఆ లిస్టులో లేవు. కార్తీకమాసం నియమాలు పాటించేవాళ్లు వాటి గురించి ప్రత్యేకంగా అడగాల్సిందే. పార్మేజాన్ చీజ్ తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు, శుద్ధ శాకాహారులు దాన్ని వదిలేయండి.

మాంసం తినేవాళ్లు కూడా పేర్లు తెలుసుకుని ఉంటే మంచిది. షెపర్డ్స్ పై అంటే గొర్రె మాంసం, కాటేజ్ పై అంటే బీఫ్. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, బంగాళాదుంప ముద్ద కప్పి ఉంటుంది. బేకన్, హ్యామ్, గ్యామన్, చొరిజో అన్నీ పోర్కే. ఉత్తినే సాసేజ్ అంటే కూడా మామూలుగా పోర్కే. హలాల్ కావలసినవాళ్లు అడిగి చూడండి, స్పష్టంగా చెప్పలేకపోతే చేప గానీ కూరగాయల వంటకం గానీ తీసుకోండి.

కారం తక్కువగా ఉంటుందని పెద్దవాళ్లకు ముందే చెప్పి తీసుకెళ్లండి. ఇంట్లో పొద్దున్నే ఇడ్లీయో ఉప్మానో గట్టిగా తిని బయల్దేరితే, ఇక్కడ చప్పటి సూప్ తాగినా ఎవరికీ కోపం రాదు. ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకుంటే దాన్ని తోటలో గడ్డి మీద కూర్చుని తినండి, కెఫే టేబుల్ మీద విప్పకండి. అలా చాలా కుటుంబాలు తోటలో తిని, టీకి మాత్రం లోపలికి వస్తాయి. ఖర్చు తక్కువలో గదులూ చూసినట్టవుతుంది.

5. టీ, స్కోన్

భోజనం అయ్యాక లేవకండి. ఇంకొకసారి లైన్లోకి వెళ్లి టీ, స్కోన్లు తెచ్చుకుని, వీలైతే మోరిస్ రూమ్‌లోకి మారండి. స్కోన్‌తో పాటు క్లాటెడ్ క్రీమ్, జామ్ విడిగా ఇస్తారు. క్లాటెడ్ క్రీమ్ అంటే పాలు బాగా కాచి, చల్లార్చి తీసిన మన గట్టి మీగడ లాంటిదే, అందుకే మన పెద్దవాళ్లకు చప్పున నచ్చుతుంది. స్కోన్‌ను అడ్డంగా రెండుగా విడదీసి, ఒక్కో ముక్కకూ విడివిడిగా రాసుకోవాలి. డెవన్ వాళ్లు క్రీమ్ ముందు రాస్తారు, కార్న్‌వాల్ వాళ్లు జామ్ ముందు. మీకు ఎలా వీలైతే అలా కానివ్వండి.

ఇక్కడి టీ మన ఇంట్లో మరిగించే టీ కాదు. కుండలో వేడినీళ్లు, టీ బ్యాగు, పక్కన చల్లటి పాలు. తెచ్చిన వెంటనే వంచేస్తే వెలిసిపోయిన రంగునీళ్లు వస్తాయి. నాలుగు నిమిషాలు మూతపెట్టి ఉంచి, తర్వాత పాలు కొద్దిగా కలపండి. చాయ్ లాటే అన్న పేరు చూసి మసాలా టీ అనుకుని తీసుకోకండి, అది పాలల్లో తీపి సిరప్ కలిపిన వేరే పానీయం. షుగర్ ఉన్నవాళ్లకు అసలే వద్దు.

ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ ఆపేయండి. పక్క టేబుల్ వాళ్లు భోజనం చేస్తున్నారన్న సంగతి గుర్తుంచుకుని, వాళ్ల ముఖాలు రాకుండా పైకప్పు వైపు తీయండి. తిండి గానీ, టీ కప్పు గానీ గ్యాలరీల్లోకి తీసుకెళ్లనివ్వరు.

6. తిన్న తర్వాత ఎటు

కడుపు నిండాక మ్యూజియం మొత్తం చూద్దామని బయల్దేరితే కాళ్లు సహకరించవు. ఒకటో రెండో చోట్లు ఎంచుకోండి. గ్యాంబుల్ రూమ్ నచ్చినవాళ్లు కెఫే దగ్గరే ఉన్న సెరామిక్ మెట్ల మీదుగా పైకి వెళ్లండి. మెట్ల పక్క గోడలు, కమానులు, పైకప్పు అన్నీ పింగాణీతోనే చేసినవి, ఇంకా ఘనంగా ఉంటాయి. పిల్లలతో ఉన్నవాళ్లు 1873లో తెరిచిన కాస్ట్ కోర్ట్స్‌కు, అంటే శిల్పాల అచ్చులు పెట్టిన గదులకు వెళ్లండి. రోమ్‌లోని ట్రేజన్ స్తంభానికి తీసిన పూర్తి సైజు అచ్చు అక్కడ ఉంది. అంత ఎత్తు గది కట్టలేక రెండు ముక్కలుగా నిలబెట్టారు. అసలు స్తంభం మీద పై వరసల బొమ్మలు కింద నుంచి కనపడవు, ఇక్కడ రెండో ముక్క కూడా నేల మీదే ఉంది కాబట్టి వాటికి కాస్త దగ్గరగా నిలబడి చూడొచ్చు.

నాలుగున్నర దాటాక పెద్దవాళ్లు అలసిపోయారనిపిస్తే క్రామ్వెల్ రోడ్ ద్వారం వైపే వెనక్కి రండి, బస్సు స్టాపు దగ్గర. ఐదున్నర తర్వాత ట్యూబ్‌లో కూర్చునే చోటు దొరకడం కష్టం.